మే నెల మైపాడులో చేప ఎందుకు బాగలేదు? – అక్కనడగండి

ఎండాకాలం సెలవులు ఇచ్చినప్పట్నుంచి నాకొచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే సగానికి సగం తిండి గురించే. ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు, పోయినాక ఏం తినాలి, ఏం కట్టుకోని పోవాలి అనే దగ్గరే వస్తోంది చిక్కంతా. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశా. అందరివీ వేయలేకపోయాను, ఒకే మాట నలుగురు అడిగుంటే ఒక ఉత్తరమే తీసుకున్నా.

నెల్లూరు నుంచి ఒక చెల్లెలు: అక్కా, పోయిన మే నెల్లో మా ఆడబిడ్డ వాళ్ళు బెంగళూరు నుంచి వస్తే అందరం కలిసి పదకొండు మందిమి మైపాడు పోయాం. సముద్రం ఒడ్డే కదా చేప ఫ్రెష్‌గా దొరుకుతుందని ఇంటి దగ్గర ఏమీ వండలేదు. అక్కడ ఒక చోట వంజరం అని చెప్పి ఫ్రై పెట్టారు, నోట్లో పెట్టుకుంటే మెత్తగా పిండిలా ఉంది, మట్టి వాసన కూడా. బిల్లు చూస్తే కళ్ళు తిరిగినాయి. మా ఆడబిడ్డ "ఏంది వదినా, నెల్లూరు చేపంటే ఇదేనా" అనింది, నాకు తల కొట్టేసినట్టయింది. సముద్రం పక్కన కూర్చోని చేప బాగలేకపోవడం ఏంది అక్కా?

చెల్లీ, నువ్వు పోయిన చోటు మంచిదే, పోయిన నెలే కుదర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరం పొడుగునా సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు వల వేస్తే వచ్చే ఏడాదికి చేపే ఉండదు. మరబోట్లు, ఇంజన్ పెట్టిన పడవలు అన్నీ ఒడ్డునే ఉంటాయి, ఇంజన్ లేని చిన్న తెప్పలు మాత్రం ఒడ్డు దగ్గర్లో తిరుగుతాయి. మన పిల్లల సెలవులేమో ఏప్రిల్ ఆఖర్లో మొదలై జూన్ రెండో వారం దాకా. అంటే మనం బీచ్‌కి పోయే రోజులు, సముద్రం చేప దొరకని రోజులు దాదాపు ఒకటే. ఇంత చిన్న విషయం మనకి ఎవరూ చెప్పరు, మత్స్యకారుల ఇళ్ళల్లో ఐదేళ్ళ పిల్లోడికి కూడా తెలుసు.

వంజరం కావాలంటే పడవ లోపలికి పోవాల్సిందే. మే నెల్లో మన దగ్గర వంజరం కనపడిందంటే అది నిషేధానికి ముందు పట్టి ఐసులో పెట్టిందన్నా కావాలి, పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందన్నా కావాలి (వాళ్ళకి నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా, అందుకని మే నెల్లో అక్కడ వేట నడుస్తుంటుంది). ఇంక మట్టి వాసన అన్నావు చూడు, అది సముద్రం చేపకి రాదమ్మా, చెరువు చేపకి వస్తుంది, నీళ్ళల్లో పాచి పెరిగిన చెరువులో పెరిగితే ఆ వాసన కండకి పట్టేస్తుంది. కాబట్టి మీకు పెట్టింది వంజరం కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

మరి మే నెల్లో బీచ్‌కి పోకూడదా అంటే పోవచ్చు, తినేది మార్చుకోవాలి. మన జిల్లాలో రొయ్యల చెరువులు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు, రొయ్యకి ఈ నిషేధంతో పని లేదు, వేసవిలో కూడా పట్టుబడి నడుస్తుంది, రొయ్యల వేపుడు ధైర్యంగా అడగండి. తెప్పల మీద వచ్చే నెత్తళ్ళు పొద్దున్నే ఒడ్డున దొరికితే అదృష్టం, పెద్ద చేప కోసం చూడకుండా అవి తీసుకోని కరకరలాడేట్టు వేయించుకోండి. ఎండు చేపలు, ఎండు రొయ్యలు అమ్మే ఆడవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గర ఓ పావుకిలో ఎండు రొయ్యలు తీసుకుంటే ఇంటికొచ్చి వంకాయలో వేసుకోవచ్చు. సోమశిల, కండలేరు, ఊరి చెరువులు, వీటిల్లో చేపకి సముద్రం నిషేధం వర్తించదు. అసలు నెల్లూరు పులుసుకి మా అమ్మమ్మ వాళ్ళు సముద్రం చేప కంటే కొర్రమీనుకే ఓటేసేవాళ్ళు, బొమ్మిడాయిలు దొరికితే ఇంక చెప్పక్కర్లేదు.

బిల్లు విషయం. కూర్చోకముందే మూడు మాటలు అడగండి: ఇది ఏ చేప, ఎప్పుడొచ్చింది, ప్లేటు ఎంత, ప్లేటులో ఎన్ని ముక్కలు. (నాలుగయినాయి, పర్లేదు, నాలుగూ అడగండి.) కోయకముందు చేపని మొత్తంగా చూపించమనండి. కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకుండా పైకి రావాలి. చూపించం అంటే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు. జూన్ 14 దాటాక పడవలు సముద్రంలోకి పోతాయి, ఆ నెలాఖరులో ఒక ఆదివారం తెల్లారుజామునే పోయి చూడండి, మీ ఆడబిడ్డని మళ్ళీ పిలవండి. నెల్లూరుకి పాతిక కిలోమీటర్ల లోపే కదా, ఆరింటికి పోతే ఎండెక్కే లోపల ఇల్లు చేరొచ్చు.

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు: అక్కా, మా అత్తగారిది నెల్లూరు. మొన్న మేము కొత్తపట్నం బీచ్‌కి పిక్నిక్ అంటే ఆమె రాత్రి చేపల పులుసు వండి, పొద్దున స్టీలు క్యారియర్‌లో పోసి బస్సులో ఒంగోలు తెచ్చింది, మేము దాన్ని కారు డిక్కీలో పెట్టుకోని మధ్యాహ్నం రెండింటికి తెరిస్తే బుడగలు వస్తా ఉంది. ఆమె చాలా బాధపడింది, "మా అమ్మ కాలంలో రెండు రోజులున్నా ఏమయ్యేది కాదు" అంటా ఉంది. తప్పు ఎక్కడ జరిగింది?

తమ్ముడూ, ముందు ఆమెకి నా మాటగా చెప్పు, ఆమె వంటలో తప్పేం లేదు. నాకూ ఇదే జరిగింది, పిల్లలు చిన్నప్పుడు పులుసు టిఫిన్‌లో పెట్టుకోని ఉదయగిరి పోయాం, కోట చూసి దిగొచ్చి మూత తీసేసరికి పోయింది, ఆ రోజు నలుగురం అరటిపళ్ళు తిని వెనక్కి వచ్చాం. అప్పట్నుంచి దీన్ని గురించి చాలా ఆలోచించాను.

నెల్లూరు పులుసు మర్నాటికి రుచి అనేది నిజం. కిలో చేపకి పెద్ద నిమ్మకాయంత పైగా చింతపండు, పైన పుల్ల మామిడికాయ ముక్కలు, ఆఖర్లో మెంతులు ధనియాలు జీలకర్ర ఆవాలు వేయించి కొట్టిన పొడి, ఆ పులుపు కారం ముక్కలోకి దిగాలంటే రాత్రి గడవాలి. ఆ పులుపే కొంత కాపాడుతుంది కూడా. కానీ ఆ రోజుల్లో ఎక్కడ ఉంచేవాళ్ళో చూడు. మట్టి దాకలో వండి, అదే దాకలో, గరిటె పెట్టకుండా, వంటింట్లో చల్లటి మూల గచ్చు మీద దించేవాళ్ళు. మా ఇంట్లో దాక మీద చిల్లుల మూత ఉండేది, దానిపైన పల్చటి గుడ్డ. పొద్దున్నే లేచి దాక చుట్టూ చూస్తే ఎర్ర నూనె అంచుకి తేలి గాజు పొరలా మెరుస్తా ఉండేది, మామిడి ముక్క తొక్కతో సహా మెత్తబడి ఉండేది, ఎవరూ కలపకూడదు, చేప చెదురుతుందని దాకని రెండు చేతుల్తో పట్టుకోని అటొకసారి ఇటొకసారి తిప్పేవాళ్ళు అంతే. ఏడింటికల్లా ఇడ్లీల్లోకో వేడన్నంలోకో తినేసేవాళ్ళం. పన్నెండు గంటల లోపల అయిపోయేది, అదీ చల్లగా, కదలకుండా.

మీరు చేసింది ఏంటి, స్టీలు డబ్బాలో గట్టిగా మూత పెట్టి, బస్సులో కుదిపి, మే నెల ఎండలో డిక్కీలో పెట్టారు. బయట 42 ఉంటే మూసిన కారులో 50 దాటుతుంది. వండిన చేప, మాంసం, గుడ్డు 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకి మించి బయట ఉంచొద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు చెప్పే లెక్క. మన పులుపుని నమ్ముకోని ఇంకొంచెం సేపు అనుకున్నా ఆరేడు గంటలు మాత్రం కుదరదు. బుడగలొచ్చాక మళ్ళీ మరగబెట్టి తినొచ్చా అని ఇంకొకరు కూడా అడిగారు, వద్దు, పారబోయండి, కొన్ని విషాలు మరిగించినా పోవు.

ఈసారికి ఇట్లా చేయండి. అత్తగారు పులుసు మసాలా వరకు, అంటే చింతపండు ఉల్లిపాయ టమాటా కారం అన్నీ వేసి చిక్కగా మరగనిచ్చి, చేప వేయకుండా చల్లార్చి సీసాలో పోసి తేవాలి, ఆ వేయించిన పొడి వేరే పొట్లం. చేప ఒంగోలు మార్కెట్లో పొద్దున్నే కొని ఉప్పు పసుపు రాసి ఐసు పెట్టెలో పెట్టుకోండి. కొత్తపట్నం ఒంగోలుకి 20 కిలోమీటర్ల లోపే, ఒక చిన్న గ్యాస్ స్టవ్ తీసుకోని పోతే సరుగుడు చెట్ల కింద గాలి అడ్డం చూసుకోని పావుగంటలో పులుసు పొంగించొచ్చు. రాత్రి గడిచిన రుచి రాదు, నిజమే, కానీ సముద్రం గాలికి వేడి వేడి పులుసన్నం ఇంకో రుచి. మిగిలిన ముల్లులు ఇసకలో పూడ్చకుండా కవర్లో వేసి తెచ్చుకోండి, పిల్లలు ఒట్టి కాళ్ళతో పరిగెత్తే చోటది.

హైదరాబాద్ నుంచి, సొంతూరు కందుకూరు దగ్గర: అక్కా, మా పిల్లలకి 9, 6 ఏళ్ళు. ఊరికి పోయినా పిజ్జా, నూడుల్స్ అంటారు. మా అమ్మ ఎంత ప్రేమగా వండినా "ఐ డోంట్ లైక్" అంటే ఆమె మొహం చిన్నబోతుంది. ఈసారి నెల రోజులుంటాం. ఏం చేయమంటారు?

అమ్మాయ్, పిల్లలు కొత్త తిండిని కంచంలో పెడితే వద్దంటారు, అది చెట్టు దగ్గరో బండి దగ్గరో కనపడితే వాళ్ళే అడుగుతారు. కాబట్టి మొదటి వారం రోజులు "తిను" అనే మాటే అనొద్దు. రోడ్డు మీదికి తీసుకపో.

మీరు వచ్చేది కారులో అయితే ఒంగోలు దాటి కావలి వైపు హైవే మీద ఉలవపాడు దగ్గర ఆగండి. మామిడి, సపోటా అక్కడి పేరు. రోడ్డు పక్కన బుట్టల్లో పోసి పెట్టుంటారు. మీ తొమ్మిదేళ్ళ వాడి చేతికి డబ్బులిచ్చి వాడినే ఏరుకోమను, వాడు ఏరిన పండు వాడు వద్దనడు.

తర్వాత తాటి ముంజలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊళ్ళ దారుల్లో ఎక్కడ చూసినా ఉంటాయి. కవర్లో కట్టినవి కొనొద్దు, కాయ కొట్టే మనిషి దగ్గరకి పోయి పిల్లల్ని ముందు నిలబెట్టు. కత్తితో తాటికాయ నెత్తి మీద ఒక్క వేటు, మూడు కళ్ళు కనపడతాయి, ఆయన బొటనవేలు ఒక కంట్లో గుచ్చి తిప్పుతాడు, లోపలున్న నీళ్ళు చిప్పిల్లి ఆ మనిషి మణికట్టు దాకా కారతాయి. అక్కడే, కాయలోనే, నోరు పెట్టి జుర్రుకోమని పిల్లలకి చెప్పు, చొక్కా తడిస్తే తడవనీ. మా అక్క మనవరాలు అమెరికా నుంచి వచ్చి ఏదీ ముట్టుకోని పిల్ల, ఆ నీళ్ళు మొహాన చింది నవ్వి నవ్వి అక్కడే ఏడు ముంజలు తినింది. ఒక జాగ్రత్త, వేలితో నొక్కితే జెల్లీలా ఊగేవే పెట్టు, ముదిరి గట్టిపడ్డవి అరగవు, రాత్రి కడుపు నొప్పి అంటారు. పైన పసుప్పచ్చ పొర వగరుగా ఉంటుంది, మొదటిసారి తినే పిల్లలకి ఒలిచి ఇవ్వాలి.

కారం దోసె సంగతి చాలామంది పిల్లలకి భయం. నెల్లూరు కారం దోసె అంటే ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లి నెయ్యి వేసి కాల్చేది, చిన్న పిల్లలు తట్టుకోలేరు. ఎర్రకారం లేకుండా పప్పుల పొడి, నెయ్యి మాత్రం వేసి కాల్చమని చెప్పు, ఏ బండి మీదైనా వేసిస్తారు. రెండు మూడు సార్లయ్యాక వాడే "కొంచెం ఎర్రది వెయ్" అంటాడు.

ఇంక మీ అమ్మగారి విషయం, ఆమెని వండొద్దని చెప్పు మొదటి నాలుగు రోజులు. పిల్లల చేత వండించమను. ఆవకాయ కలిపే రోజులే కదా ఇవి, కాయ తుడిచే పని చిన్నదానికి, జాడీలో ముక్కలు వేసే పని పెద్దోడికి ఇచ్చి, కలిపిన బేసిన్లో వేడన్నం, వెన్నపూస వేసి మీ అమ్మ చేత్తో ముద్దలు పెట్టిస్తే తినని పిల్లల్ని నేనింతవరకు చూళ్ళేదు. నూడుల్స్ అసలు మానిపించాలని పట్టు పట్టొద్దు, వారానికొకసారి ఇచ్చేయ్, గొడవ తగ్గుతుంది.

పొదలకూరు నుంచి ఒకాయన: అమ్మా, మా నాన్నగారికి 74. షుగరు, బీపీ ఉన్నాయి. వైశాఖంలో పెంచలకోన నరసింహస్వామి గుడికి తీసుకపోవాలని మొక్కు. పొద్దున పోతే సాయంత్రం అవుతుంది రావడం. బయట తిండి పెట్టాలంటే భయంగా ఉంది, ఏం కట్టుకోవాలి?

అన్నయ్యా, నరసింహ జయంతికి ముందు వెనకా బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే జనం విపరీతం, క్యూలో ఎంతసేపో చెప్పలేం. నాన్నగారి వయసుకి ఆ రోజులు తప్పించి, శనివారం కాని రోజు చూసుకోండి, మొక్కు మొక్కే.

అన్నిటికన్నా ముఖ్యమైంది చెప్తా, షుగరు మాత్రో ఇన్సులినో వేసుకోని "దర్శనం అయ్యాక తింటాలే" అని ఆయన పస్తుంటారు, మన పెద్దవాళ్ళందరికీ ఈ అలవాటుంది. అక్కడే ప్రమాదం. చెమటలు, వణుకు, మాట తడబడటం కనపడితే షుగరు పడిపోయినట్టు, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి, తర్వాత అన్నం పెట్టండి. జేబులో ఒక పంచదార పొట్లం ఉంచుకోండి, గ్లూకోజ్ అయినా సరే. ఉపవాసం ఉంటానంటే ముందు రోజే డాక్టర్‌ని అడిగి మాత్ర ఎట్లా మార్చాలో తెలుసుకోండి, మీరుగా మార్చొద్దు.

కట్టుకపోయేది. పులిహోర నిలవుంటుంది, చింతపండు పులుపు, నూనె రెండూ కాపాడతాయి, అన్నం పూర్తిగా ఆరాకే డబ్బాకెత్తండి, వేడి మీద మూత పెడితే ఆవిరి దిగి చెడిపోతుంది. ఆయనకి మాత్రం అది కొంచెమే పెట్టి, పక్కన దోసకాయ, ఉడకబెట్టిన శనగలు ఎక్కువ పెట్టండి. దద్దోజనానికి మాది ఒక పద్ధతి, అన్నం మెత్తగా వండి కాగిన పాలు పోసి మెదిపి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు మాత్రం కలిపి డబ్బాలో పెట్టేయడం. పొద్దున ఆరింటికి పాలన్నం, మధ్యాహ్నం పన్నెండుకి పెరుగన్నం, పుల్లబడే టైమ్ ఉండదు. రెండింటికి మించి ఉంచొద్దు. మజ్జిగ లీటరు ఫ్లాస్కులో, అల్లం కరివేపాకు వేయండి, బీపీ కాబట్టి ఉప్పు ఆయన వాటాలో వేయకండి. దారిలో నిమ్మసోడా తాగాలనిపిస్తే తాగనివ్వండి, మీది నిమ్మ తోటల పొదలకూరు, నిమ్మకాయ సంగతి మీకు నేను చెప్పాలా, ఉప్పు పంచదార రెండూ లేకుండా కొట్టమని చెప్పండి.

కావలి నుంచి: హైవే మీద కొన్న మామిడి పళ్ళు పైన పసుప్పచ్చగా ఉన్నాయి, లోపల పుల్లగా ఉన్నాయి, మా బాబుకి నోరు పొక్కింది. కార్బైడ్ వేస్తారంటారే, అదేనా?

కావచ్చు. కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం, ఇథిలీన్ గ్యాస్‌తో మాగబెట్టొచ్చని పర్మిషన్ ఉంది. చూసి కనుక్కోవడానికి నేను వాడే గుర్తు ముక్కే, తొడిమ దగ్గర వాసన చూడండి. పండు వాసన రాకుండా బుట్ట మొత్తం ఒకే పసుపు రంగుంటే తీసుకోకండి. నోరు పొక్కడానికి తొడిమ దగ్గర కారే జీడి కూడా కారణం కావచ్చు, తొడిమ కోసి తలకిందులుగా పెట్టి, రెండు గంటలు నీళ్ళల్లో వేసి, బాగా కడిగి తొక్క తీసి పెట్టండి. ఇంకా మంచిది, పచ్చి కాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో వేసుకోండి, ఊరికి పోతూ ఒక గంప, తిరిగొచ్చేటప్పుడు ఒక గంప.

చెన్నై నుంచి: ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆఫీసులో వాళ్ళకి స్వీట్ తేవాలి, నెల్లూరు మలై కాజానా, ఒంగోలు మైసూర్‌పాకా?

ఎండాకాలం కాబట్టి మైసూర్‌పాక్. ఒంగోలు అల్లూరయ్య మైసూర్‌పాక్ నెయ్యి సరుకు, నాలుగు రోజులు బయటున్నా ఏమీ కాదు, డబ్బా ఎండలో పెడితే కరిగి అంటుకుంటుంది అంతే. మలై కాజా పాల సరుకు, అది నెల్లూరులోనే, కొన్న పూటే, అక్కడ నిలబడి తినాలి.

సింగరాయకొండ నుంచి ఒక తల్లి: అక్కా, బీచ్‌కి పోయొచ్చిన రాత్రి మా నాలుగేళ్ళ పాపకి వాంతులు, విరేచనాలు. అక్కడ ఐసు వేసిన చెరుకురసం తాగించాం. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అంటే ఒక జ్యూసు ప్యాకెట్ ఇచ్చారు, తాగిస్తే ఇంకా ఎక్కువయింది. నేనేం తప్పు చేశాను?

తల్లీ, నువ్వు మంచి పనే చేయబోయావు, నీకిచ్చిందే తప్పు సరుకు. ఓఆర్‌ఎస్ పేరుతో తియ్యటి డ్రింకులు చాలా ఏళ్ళు అమ్మారు, వాటిల్లో పంచదార ఎక్కువ, విరేచనాలు పెరుగుతాయి. 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశం మొత్తానికి తిండి సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) ఆ పేరు డ్రింకుల మీద వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. అసలైన ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్, మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉంటుంది, లీటరు ప్యాకెట్ అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళల్లో మొత్తం ఒకేసారి కలపాలి, సగం ఇప్పుడు సగం రేపు అని కాదు. అది దొరక్కపోతే లీటరు నీళ్ళకి సమంగా కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు. వాంతి అయినా పది నిముషాలాగి చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. పాప ఉచ్చ పోయకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా పడున్నా, విరేచనంలో రక్తం కనపడినా ఇంట్లో ఉంచొద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి.

చెరుకురసంలో అనుమానం ఐసు మీదే. చేపలకి వాడే దిమ్మ ఐసు తాగే నీళ్ళతోనే చేస్తారన్న నమ్మకం లేదు. రసం ఐసు లేకుండా, మీ కళ్ళ ముందు గెడ కడిగి తిప్పించుకోండి. కొబ్బరిబొండం ఉంటే అసలు ఆలోచించొద్దు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు, కాయ మొత్తం కొని చాకు మీ ఇంటి నుంచి తెచ్చుకోండి.

కనిగిరి దగ్గర పల్లె నుంచి: అక్కా, మాది మెట్ట ప్రాంతం. భైరవకోన చూపించమని మా ఆయన ఫ్రెండ్స్ ఫ్యామిలీలు విజయవాడ నుంచి వస్తామంటున్నారు, ఎనిమిది మంది. మా దగ్గర చేపల్లేవు, రొయ్యల్లేవు, పెట్టడానికి ఏముందని అమ్మ దిగులు పడతా ఉంది. టౌన్ నుంచి బిరియాని తెప్పిద్దామా?

వద్దు వద్దు. వాళ్ళకి విజయవాడలో బిరియాని దొరకదా? మీ ఊళ్ళో దొరికేది విజయవాడలో దొరకదు, అది గుర్తు పెట్టుకోండి. మీ ఉత్తరం చదివి నాకు నిజంగా మనసు చివుక్కుమంది, మెట్ట ఊళ్ళ వాళ్ళు తమ తిండిని తామే తక్కువ చేసుకుంటారు.

రాగి సంగటి పెట్టండి. అమ్మకి తెలియనిది నేను చెప్పేది కాదు కానీ బియ్యం నూకలు బాగా మెత్తబడ్డాకే పిండి వేసి, మూత పెట్టి, కదపకుండా ఉడకనిచ్చి అప్పుడు తెడ్డుతో ఎనపమనండి, తొందరపడితే ఉండలు కడుతుంది, టౌన్ వాళ్ళకి మొదటి ముద్దలోనే పిండి ఉండ తగిలితే మళ్ళీ అడగరు. దాంట్లోకి నాటుకోడి పులుసు, పక్కన వేరుశనక్కాయ పచ్చడి రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. కోడి తినని వాళ్ళుంటే గోంగూర పప్పు. రోలు దగ్గర వచ్చిన ఆడవాళ్ళని కూడా కూర్చోబెట్టండి, తలా ఒక పోటు వేస్తారు, సరదా పడతారు. పొద్దున పూట జొన్నరొట్టె, వెన్న, ఎర్రగడ్డ కారం.

భైరవకోనకి తెల్లారి ఆరింటికల్లా బయల్దేరండి. కొండని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, జలపాతం, నిదానంగా చూస్తే మూడు గంటలు. అక్కడ పెద్ద హోటళ్ళేమీ ఉండవు, పొద్దుటి రొట్టెలు గుడ్డలో చుట్టి, మజ్జిగ కుండతో సహా పట్టుకపోండి. గుడి చోటు కాబట్టి కోడి మాత్రం ఇంటికి తిరిగొచ్చాకే. కోతులు ఉంటాయి, కవర్లు చేతిలో ఊపుకుంటూ నడవొద్దని పిల్లలకి ముందే చెప్పండి. తాగే నీళ్ళు ఇంటి నుంచే క్యాన్‌లో తీసుకెళ్ళండి, మీ వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే, వచ్చేవాళ్ళకి తెలియదు, ఎక్కడ కుళాయి కనపడితే అక్కడ పడతారు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పులుసు పొయ్యి మీద ఉండాలి, సంగటి మాత్రం వాళ్ళు కాళ్ళు కడుక్కునేటప్పుడు ఎనపమని అమ్మకి చెప్పండి, వేడి మీదే తినాలి కదా. పెట్టాక వాళ్ళేమన్నారో నాకు రాయండి.